పసుపు పూసలు

సరస్సును తోడి లెక్కపెట్టలేం కదా,
అందుకని ఈ ఉపాయం.
ఒక్క మెతుకు పట్టి చూసి
కుండ సంగతి చెప్పడం లాంటిదే.

మే నెలలో ఆరువందల చాంబోలు పట్టాం.
తడి గోనె మీద ఒక్కొక్కదాన్నీ పడుకోబెట్టి
వీపు రెక్క మొదట్లో సూది గుచ్చి
అగ్గిపుల్లంత పసుపు ప్లాస్టిక్ ముక్క దిగేశాం.
ముక్క మీద నంబరు.
గుచ్చినప్పుడు చేప అరవదు.
నోరు తెరుస్తుంది, అంతే.
పిల్లల్ని ఆ నోట్లోనే దాచుకునే జాతి అది.
ఒక తల్లి నా అరచేతిలోకి
సంసారమంతా ఉమ్మేసింది.
వాటిని ఏ గడిలో రాయాలో
ఫారంలో లేదు.

వదిలేశాం. మిగతావాటిలో కలిసిపొమ్మని
మూడు వారాలు గడువిచ్చాం.

ఆ మధ్యలో సైతి ముసలాయన వాకిట్లో
ఊరివాళ్లకి లెక్క చెప్పాను.
మొక్కజొన్న గింజల బుట్టలో
గుప్పెడు ఎర్ర చిక్కుడు గింజలు కలిపి,
"పిడికిట్లోకి ఎర్రవి తక్కువొస్తే
బుట్ట పెద్దదన్నమాట" అన్నాను.
ముసలాయన బుట్టకేసి చూసి,
"ఎర్రవి ఎవరైనా తినేస్తే?" అన్నాడు.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను.
పసుపు ముక్క తెచ్చిస్తే సబ్బుబిళ్ల ఇస్తానని
రెండుసార్లు చెప్పి లేచాను.

జూన్‌లో రేవు దగ్గర బల్ల వేసుకుని
నాలుగువందల యాభై చేపలు చూశాను.
తొమ్మిదింటికే పసుపు.
కొన్నింటికి రెక్క మొదట్లో చిన్న గాయం,
గద్ద ముక్కు అనుకున్నాను.
ఆరువందల్ని నాలుగువందల యాభైతో హెచ్చవేసి
తొమ్మిదితో భాగించాను.
ముప్పై వేలు!
గుండ్రటి సున్నాలు, చేపగుడ్లలా.
మాంగోచి ఆఫీసులో కుర్చీలు కదిలాయి.
ఇంకో పన్నెండు వలలకి
లైసెన్సులు రాయడం మొదలుపెట్టారు.

ఆగస్టులో మోటారుసైకిలు పంక్చరై
మళ్లీ సైతి ఇంటిముందే ఆగాను.
ఎండుచేపల తడికల దగ్గర
కాకుల్ని తోలుతోంది మనవరాలు తియామికె.
మెడలో పసుపు పూసలు.
ఏది కనబడినా లెక్కపెట్టడం నా జబ్బు.
పద్దెనిమిది.
పూసలకి నంబర్లున్నాయి.

"నంబరున్న ఆవు ఎవరిదో ఒకరిదే కదమ్మా" అన్నాడు సైతి,
"నంబరున్న చేప సర్కారుదే.
పట్టామంటే జరిమానా వేస్తారు.
అందుకే పీకేసి నీ బల్ల మీద పెట్టాం.
పిల్ల అడిగింది, ఇచ్చాను."
"మరి సబ్బు?"
"సబ్బిచ్చి పేరు రాసుకుంటారుగా."

తొమ్మిదీ పద్దెనిమిదీ ఇరవైయేడు.
పుల్లతో నేలమీదే భాగించాను.
పదివేలు.
ఇరవై వేల చేపలు నీళ్లలోంచి మాయమయ్యాయి.
వాటిని ఎవరూ పట్టలేదు, ఎవరూ తినలేదు,
అవి ఏనాడూ లేవు.

ముసలాయన నేలమీది అంకెలు చూశాడు.
"పిల్ల మెడ వల్ల సరస్సు చిన్నదైందా?"
"లేదు తాతా. పెద్దదిగా కనబడింది."
"చిన్నదని నాకు తెలుసు.
మూడేళ్లుగా వల తేలిగ్గా వస్తోంది.
నువ్వు గింజలు చూపించావు గానీ
వల బరువు అడగలేదు."

దండ తీసుకోలేదు.
తియామికె గడ్డం పైకెత్తి నిలబడితే
ఒక్కొక్క నంబరూ చదివి రాసుకున్నాను.
చక్కిలిగింతలకి మెలికలు తిరిగింది.
ఒకదాన్ని మేక నమిలింది, అంకె చెరిగిపోయింది.
ఫారం దాన్ని ఒప్పుకోదు.
నేను ఒప్పుకున్నాను.

సిగ్నలు కోసం చెదల పుట్ట ఎక్కి
ఆఫీసుకి ఫోన్ చేశాను.
పన్నెండింటిలో ఏడు
అప్పటికే చేతులు మారాయట.
మిగిలిన అయిదూ ఆపండి అంటే
రాతపూర్వకంగా పంపమన్నారు.

దిగేసరికి చీకటి పడింది.
దూరంగా పడవల లాంతర్లు,
పందొమ్మిదో ఇరవయ్యో, కదులుతుంటే తేలలేదు.
సైతి కూడా పడవని
నీళ్లలోకి తోస్తున్నాడు.
మోకాలి లోతులో ఆగి వెనక్కి తిరిగి అడిగాడు:

"ముక్క లేకుండా
ఉత్త గాయమే ఉన్న చేప దొరికితే
దానికీ సబ్బు ఇస్తావా?"